అలసిన గుండెతో అల్లాహ్ గృహానికి

మక్కా కొండల నడుమ ఒదిగిన నగరం. ఎటు చూసినా ఎండకు మాడి నల్లబడిన రాతి శిఖరాలు, వాటి మధ్య ఇరుకైన లోయ. పైరు పచ్చ లేని ఆ లోయలోనే హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) దైవాజ్ఞను శిరసావహించి తన సహధర్మచారిణి హజ్రత్ హాజిరాను, పాలుతాగే పసిబిడ్డ ఇస్మాయీల్ (అలై)ను విడిచి వెళ్ళారు. తోలుసంచిలోని నీరు అయిపోయింది. బిడ్డ దాహంతో తల్లడిల్లుతుంటే ఆ తల్లి సఫా గుట్ట ఎక్కి నలువైపులా చూశారు. ఎవరూ కానరాలేదు. లోయలోకి దిగి, పరుగెత్తి, ఎదుటనున్న మర్వా ఎక్కారు. అలా ఏడుసార్లు. ఆ తర్వాతనే అల్లాహ్ కారుణ్యం జమ్‌జమ్ రూపంలో పెల్లుబికింది.

ఆ తల్లి పరుగెత్తిన నేల నేడు మస్జిదుల్ హరామ్‌లో భాగం. పైన కప్పు, లోపల చల్లని గాలి, కాళ్ళ కింద నున్నని రాతిపలకలు, ఒకదానిపై ఒకటిగా అంతస్తులు. సఫా నుంచి మర్వాకు, మర్వా నుంచి సఫాకు ఏడు విడతలు పూర్తయ్యేసరికి యాత్రికుడు సుమారు 3 కిలోమీటర్లు నడుస్తాడు. వెళ్ళేవారి దారికీ వచ్చేవారి దారికీ నడుమ మరొక సన్నని దారి ఉంది. అది నడవలేనివారి దారి, చక్రాల కుర్చీలు సాగే దారి. ఒక తల్లి పరుగుకు గుర్తుగా నిలిచిన చోట, పరుగెత్తలేనివారికి నట్టనడుమ స్థానం కల్పించారు. గుండె జబ్బు ఉన్న మనిషికి తోడుగా అక్కడికి వెళ్ళిన నాకు ఆ సన్నని దారి ఎంతో ధైర్యం చెప్పింది. ఇటువంటి రోగి మీ ఇంటిలోనూ ఉంటే, ఉమ్రాకో హజ్‌కో వెళ్ళాలన్న కోరిక ఒకవైపు, మందుల గురించిన దిగులు మరొకవైపు లాగుతుంటే, ఈ నాలుగు మాటలు ఉపకరించవచ్చునని రాస్తున్నాను.

క్రమం తప్పిన నాడి

మావారి వయసు 66 ఏళ్ళు. కర్నూలు జిల్లాలో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. పదేళ్ళుగా రక్తపోటు ఉంది. రెండేళ్ళ క్రితం ఇంట్లో బీపీ చూసుకుంటుంటే, నాడి క్రమంగా లేదన్న గుర్తు యంత్రం మీద పదే పదే కనిపించసాగింది. ఆయనకు మెట్లెక్కితే కాస్త ఆయాసం, అప్పుడప్పుడూ గుండెదడ, అంతకు మించి బాధ లేదు. ఈసీజీ తీయించిన వైద్యులు దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని చెప్పారు.

గుండెకు నాలుగు గదులు. పై రెండు గదులు ఒక లయలో ముడుచుకొని రక్తాన్ని కింది గదులకు పంపాలి. ఈ జబ్బులో పై గదులు సరిగా ముడుచుకోవు, గాలికి ఆకు వణికినట్లు వణుకుతాయి. కింది గదులు ఒకసారి వేగంగా, ఒకసారి నిదానంగా, లెక్క తప్పి కొట్టుకుంటాయి. దడ, నీరసం, ఆయాసం అందువల్లనే. కొందరికి ఆ లక్షణాలైనా ఉండవు. అసలు ప్రమాదం వేరొకటి. వణికే గదిలో, ముఖ్యంగా ఎడమ పై గదికి అంటిపెట్టుకున్న చిన్న సంచివంటి భాగంలో, రక్తం నిలిచిపోయి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతమే. ఈ జబ్బు లేనివారితో పోలిస్తే ఉన్నవారికి పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. అందుకే మావారికి రెండు మందులు రాశారు. గుండె వేగాన్ని అదుపులో ఉంచే మాత్ర ఒకటి. రక్తం గడ్డకట్టకుండా చూసే అపిక్సబాన్ అనే మాత్ర రెండవది. అది ఉదయం ఒకటి, రాత్రి ఒకటి.

ఆ రెండవ మాత్ర ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి మా భయం రూపు మార్చుకుంది. మునుపు జబ్బంటే భయం, ఆ తర్వాత మందంటే భయం. మిస్వాక్ చేసుకుంటే చిగుళ్ళలో నెత్తుటి చార. తలుపు అంచు తగిలితే చేతి మీద కమిలిన మచ్చ. వచ్చిన బంధువులు వచ్చినట్లే "రక్తాన్ని నీళ్ళలా చేసేస్తుందట, జాగ్రత్త" అని చెప్పి వెళ్ళేవారు. నిజానికి ఆ మందు రక్తాన్ని నీళ్ళు చేయదు, గడ్డకట్టే ప్రక్రియను నెమ్మదింపజేస్తుంది. ఈ సంగతి తెలిసినా దిగులు పోలేదు. ఉమ్రాకు పేర్లు ఇచ్చిన తర్వాత అది రెట్టింపయింది. అంతమంది జనంలో ఎవరి మోచేయి తగులుతుందో, ఎక్కడ కాలు జారుతుందో, పరాయి దేశంలో రక్తస్రావమైతే ఏమిటి గతి?

గడియారం ముల్లు వెనక్కి జరిగితే

ప్రయాణానికి నెల ముందే వైద్యుల వద్దకు వెళ్ళాము. వేసవిలో మక్కా ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గితే ఇటువంటి గుండె మరింత అదుపు తప్పుతుంది. అందుచేత చలికాలంలో వచ్చిన రజబ్ మాసాన్ని ఎంచుకున్నాము. మందులన్నీ చేతి సంచిలోనే ఉంచుకోవాలని, పట్టీల నుంచి విడదీయకుండా, మందుల చీటీతో సహా తీసుకెళ్ళాలని, అనుకున్న రోజులకంటే వారం రోజులకు అదనంగా ఉంచుకోవాలని వైద్యులు చెప్పారు. ఈసీజీ ప్రతిని, మందుల పేర్లను ఒక కాగితం మీద రాసి ఇద్దరమూ చెరొకటి పెట్టుకున్నాము.

ఇక వేళల సంగతి. సౌదీ సమయం మన సమయంకంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ ఉదయం 8, రాత్రి 8 గంటలకు వేసుకునే మాత్ర అక్కడి గడియారంలో ఉదయం, సాయంత్రం అయిదున్నరకు వస్తుంది. చలికాలంలో మక్కాలో ఫజ్ర్, మగ్రిబ్ అజాన్‌లు కూడా ఇంచుమించు ఆ వేళకే వినిపిస్తాయి. మందు వేళ మార్చవలసిన పనే లేకపోయింది. ముందు మాత్ర, ఆ వెంటనే నమాజు. ఇంట్లో ఫోను మోగిస్తేనే గుర్తుకొచ్చే మాత్ర అక్కడ అజాన్‌కు తోడుగా గుర్తుకొచ్చేది.

శంషాబాదు నుంచి జిద్దాకు వెళ్ళే విమానం గాలిలోనే మీఖాత్ హద్దును దాటుతుంది. కనుక మావారు ముందుగానే ఇహ్రామ్ ధరించారు. కుట్టులేని రెండు తెల్లని వస్త్రాలలో జేబు ఎక్కడిది? అయితే నడుముకు పట్టీ కట్టుకోవడానికి ఇహ్రామ్‌లో అభ్యంతరం లేదు. ఆ పట్టీకి ఉన్న చిన్న సంచిలో పాస్‌పోర్టు, మందుల చీటీ, నాలుగు మాత్రలు పెట్టుకున్నారు. లబ్బైక్ పలుకుతూ ఆయన చేయి మాటిమాటికీ ఆ సంచిని తడుముకోవడం నేను గమనించాను.

సాయంత్రపు మాత్ర

జిద్దా నుంచి మక్కా చేరి మా బసలో సామాను దించేసరికి మగ్రిబ్ వేళ కావస్తోంది. మన తెలుగు నేలకూ ఆ నగరానికీ ఉన్న అనుబంధం పాతది. హైదరాబాదు నిజాములు తమ రాజ్యం నుంచి వచ్చే హాజీల కోసం హరమ్‌కు సమీపంలో రుబాత్‌లు అనే వసతి గృహాలు ఏర్పాటు చేశారు. నడవలేనివారికి హరమ్ దగ్గర బస ఎంతటి మేలో అక్కడికి వెళ్ళిన తర్వాతనే తెలుస్తుంది. మా బస కొంచెం దూరమైనా, వాహనం దిగిన తర్వాత నడక తక్కువే.

నేను నీళ్ళ గ్లాసు, మాత్ర అందించాను. ఆయన తీసుకోలేదు.

"ఈ పూటకు వద్దులే. ఉమ్రా పూర్తయి తల గొరిగించుకునేదాకా ఆపుదాం. రెండు పూటలు మానితే ఏమవుతుంది?"

"డాక్టరు గారు ఒక్క పూట కూడా మానవద్దన్నారు కదండీ."

"మంగలి కత్తి తగిలి రక్తం ఆగకపోతే? ఇక్కడ మనకెవరున్నారు?"

"తెగినచోట గుడ్డతో అదిమిపెడితే ఆగుతుంది. మెదడులో గడ్డ చేరితే అదిమిపెట్టడానికి చోటెక్కడ ఉందండీ?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "తల గొరిగించుకున్నవారి కోసం దైవప్రవక్త (సల్లం) మూడుసార్లు దుఆ చేశారు. కత్తిరించుకున్నవారికి ఒక్కసారే. జీవితంలో మళ్ళీ ఇక్కడికి వస్తానో రానో."

ఆ మాట వెనుక ఉన్న బాధ నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా ఆయన ఎదురుచూసిన యాత్ర ఇది. అందులో దేన్నీ తక్కువ చేసుకోవడం ఆయనకు ఇష్టం లేదు. నేను ఒక్కటే అన్నాను: "ఆ దుఆలో కత్తిరించుకున్నవారిని కూడా విడిచిపెట్టలేదు కదండీ."

ఆయన మాత్ర వేసుకున్నారు.

ఈ మాత్రల గురించి ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన సంగతి ఇది. అపిక్సబాన్ వంటి కొత్త మందుల ప్రభావం శరీరంలో ఎక్కువ కాలం నిలవదు. మానిన ఒకటి రెండు రోజులకే రక్షణ తగ్గిపోతుంది, పక్షవాతం ముప్పు తిరిగి పెరుగుతుంది. పంటి వైద్యమైనా, శస్త్రచికిత్స అయినా, ఎప్పుడు ఆపాలో, ఎన్ని పూటలు ఆపాలో చెప్పవలసినది వైద్యులు మాత్రమే. మన చేతులతో మనమే వినాశంలో పడరాదని దివ్యఖుర్ఆన్ బఖరా సూరా హెచ్చరిస్తుంది. ప్రాణాన్ని కాపాడుకోవడం కూడా మనకు అప్పగించబడిన అమానతే.

బలం చూపిన చోటే, బలహీనతకూ చోటు

ఆ రాత్రి జనం కొంత పలుచబడిన తర్వాత హరమ్‌లోకి అడుగుపెట్టాము. కాబా గృహంపై తొలిచూపు పడిన క్షణాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. మతాఫ్‌లో పరచిన తెల్లని పాలరాయి గ్రీసు దేశంలోని తాసోస్ ద్వీపం నుంచి తెచ్చినది. పట్టపగటి ఎండలో కూడా అది పాదాలను కాల్చదు. రాత్రివేళ మరింత చల్లగా ఉంది.

తవాఫ్‌లో మొదటి మూడు ప్రదక్షిణలు పురుషులు భుజాలు నిక్కించి వడివడిగా నడవడం సున్నత్. దీనిని రమల్ అంటారు. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. హిజ్రీ 7వ సంవత్సరంలో దైవప్రవక్త (సల్లం) సహాబాలతో ఉమ్రా కోసం మక్కాకు వచ్చినప్పుడు, మదీనా జ్వరాలతో వీరు కృశించిపోయారని మక్కావాసులు చెప్పుకున్నారు. అప్పుడు తమ బలాన్ని చూపేందుకు వడిగా నడవమని ప్రవక్త (సల్లం) ఆదేశించారు. చుట్టూ యువకులు అలా నడుస్తుంటే మావారి ముఖం చిన్నబోయింది. ఒకప్పుడు బడి ఆటల పోటీలలో పిల్లలతో సమానంగా పరుగెత్తిన మనిషి ఆయన.

మా బృందంతో వచ్చిన మౌలానా గారు అది గ్రహించి, ఆయన పక్కనే నెమ్మదిగా నడుస్తూ మరొక సంగతి చెప్పారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తాను అస్వస్థతతో ఉన్నానని విన్నవించుకుంటే, వాహనంపై కూర్చొని జనం వెనుకగా తవాఫ్ చేయమని ప్రవక్త (సల్లం) అనుమతించారు. ఆమె అలా తవాఫ్ చేస్తున్నప్పుడు ఆయన కాబా పక్కన నమాజులో తూర్ సూరా పఠిస్తున్నారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. బలాన్ని చూపమన్న ఆదేశమూ ఇదే నేల మీద, బలహీనతను మన్నించిన ఆదేశమూ ఇదే నేల మీద. రెండూ సున్నతే. రమల్ చేయలేనివారి తవాఫ్‌లో లోపం ఉండదని మౌలానా గారు చెప్పిన తర్వాత మావారి అడుగు తేలికపడింది.

మూడవ ప్రదక్షిణ తర్వాత ఒక పక్కకు జరిగి కూర్చున్నాము. తవాఫ్ మధ్యలో అలసిపోతే ఆగి సేదతీరవచ్చు. ఆయన మణికట్టు పట్టుకొని చూశాను. నాడి ఎప్పటిలాగే క్రమం లేకుండా ఉన్నా మరీ పరుగులు పెట్టడం లేదు. ముక్కు నుంచి రక్తం వస్తే వుజూ సంగతి ఏమిటన్నది ఆయన మరొక సందేహం. హనఫీ మస్లక్ ప్రకారం రక్తం స్రవిస్తే వుజూ భంగమవుతుంది. అలా జరిగితే రక్తం ఆగిన తర్వాత వుజూ చేసుకొని వచ్చి మిగిలిన ప్రదక్షిణలు పూర్తి చేసుకోవచ్చని మౌలానా గారు చెప్పారు. అల్లాహ్ దయవల్ల ఆ అవసరం రాలేదు.

తవాఫ్ నడిచి చేశారు గనుక సయీని చక్రాల కుర్చీలో చేయాలని ముందే నిర్ణయించుకున్నాము. కుర్చీలో కూర్చునేటప్పుడు ఆయన కళ్ళు దించుకున్నారు. మా బృందంలోని ఒక యువకుడు కుర్చీని నెట్టసాగాడు, నేను పక్కన నడిచాను. మధ్య దారిలో మా ముందు, మా వెనుక ఎందరో. ఇండోనేషియా వృద్ధురాలు ఒకరు, కాళ్ళు లేని ఆఫ్రికా యువకుడు ఒకరు, తల్లిని నెడుతున్న తుర్కీ కుమారుడు ఒకరు. ఆకుపచ్చ దీపాలు వెలిగే భాగంలో పురుషులు పరుగు వంటి నడక నడవాలి. స్త్రీలకు ఆ వేగం లేదు. ఒక స్త్రీ పరుగెత్తిన చోట స్త్రీలు నిదానంగా నడుస్తారు! ఆ దీపాల కిందికి రాగానే కుర్చీ నెట్టే అబ్బాయి "పెదనాన్నా, గట్టిగా పట్టుకోండి" అని వేగం పెంచాడు. కుర్చీ నా కంటే ముందుకు సాగిపోయింది. దీపాలు దాటిన చోట వారిని కలుసుకునేసరికి, ఎన్నో నెలల తర్వాత మావారు నోరారా నవ్వుతున్నారు.

మర్వా వద్ద సయీ ముగిసింది. క్షౌరశాలలో ఆయన కత్తి వద్దని, యంత్రంతో జుట్టు కత్తిరించమని చెప్పారు. ఒక్క నెత్తుటి చుక్క కూడా రాలేదు.

ఎలుకల మందు అన్న మాట

మా పక్క గదిలో నంద్యాల నుంచి వచ్చిన ఒక సోదరి ఉండేది. వయసు 48 ఏళ్ళు. చిన్నతనంలో వచ్చిన కీళ్ళవాత జ్వరం వల్ల గుండె కవాటం ఇరుకై, ఆమెకూ ఇదే నాడి జబ్బు వచ్చింది. మన దేశంలో ఇటువంటివారు చాలామంది. కవాటం బాగా ఇరుకైనవారికి, లోహపు కవాటం అమర్చినవారికి కొత్త మాత్రలు కాక పాత మందు వార్ఫరిన్‌నే ఇస్తారు. ఆమె వాడేది కూడా అదే. అది ఎలుకల మందు అని ఎవరో అనగా విని ఆమె బెంబేలెత్తిపోయింది.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఉత్తర అమెరికాలో 1920ల్లో బూజుపట్టిన ఒక రకం గడ్డి మేసిన పశువులు రక్తస్రావంతో చనిపోయాయి. దానికి కారణమైన పదార్థాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం కనుగొన్నది. ఆ పరిశోధన నుంచి పుట్టిన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకలను చంపడానికే ముందుగా అమ్మారు. 1954 నుంచి అది మనుషులకు మందుగా మారింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా దానినే ఇచ్చారు. మోతాదు మించితే విషం, సరిగా కొలిచి ఇస్తే ఔషధం. ఈ నాడి జబ్బులో పక్షవాతాన్ని అది మూడింట రెండు వంతుల మేరకు తగ్గిస్తుందని పరిశోధనలు నిరూపించాయి. ఆ కొలత కోసమే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష. సాధారణంగా అది 2కూ 3కూ మధ్య ఉండాలి.

ఈ మందు వాడేవారు ఆకుకూరలను పూర్తిగా మానవలసిన పని లేదు. పాలకూర, తోటకూర వంటివాటిలో ఉండే కె విటమిను వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది. అందుచేత ఒక వారం రోజూ తిని, మరొక వారం అసలు ముట్టకపోవడం మంచిది కాదు. ఎప్పుడూ ఇంచుమించు ఒకే పాళ్ళలో తినాలి. ప్రయాణంలో తిండి మారుతుంది కనుక, బయలుదేరే ముందు, తిరిగి రాగానే రక్తపరీక్ష చేయించుకోవాలని ఆమెకు వైద్యులు చెప్పి పంపారు. ఆ సోదరి దగ్గర కాళ్ళ నొప్పులకని ఎవరో ఇచ్చిన డైక్లోఫినాక్ మాత్రలు కూడా ఉన్నాయి. అటువంటి నొప్పి మాత్రలు రక్తం గడ్డకట్టనివ్వని మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. మౌలానా గారి చేత ఆమె వైద్యునికి ఫోను చేయించి, వాటిని పక్కన పెట్టించాము.

హిజామా గురించి కూడా ఒక మాట. ప్రవక్త (సల్లం) ప్రశంసించిన చికిత్స అది. కానీ ఈ మందులు వాడుతున్నవారికి చర్మం మీద గాట్లు పెట్టి రక్తం తీయడం ప్రమాదం కావచ్చు. గుండె వైద్యుల అనుమతి లేనిదే చేయించుకోరాదు. ప్రతి రోగానికీ అల్లాహ్ మందును కల్పించాడని, చికిత్స చేయించుకోమని బోధించిన ప్రవక్తే (సల్లం) ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని కూడా బోధించారు.

మదీనా నీడలో ఒక నిర్ణయం

మక్కా నుంచి మదీనా సుమారు 450 కిలోమీటర్లు. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. కిటికీ బయట ఎడారి, నల్లని రాళ్ళు. హిజ్రత్‌లో ప్రవక్త (సల్లం) రోజుల తరబడి ఒంటెపై దాటిన దూరాన్ని మేము కొద్ది గంటల్లో దాటాము. రోగికి ఆ వెసులుబాటు చిన్నది కాదు.

మస్జిదె నబవీ ప్రాంగణంలో దాదాపు 250 పెద్ద గొడుగులు ఉన్నాయి. తెల్లవారగానే పూల మాదిరి విచ్చుకొని నీడనిస్తాయి. ఆ నీడలో కూర్చొని మావారు ఎన్నాళ్ళుగానో మనసులో ఉంచుకున్న ఒక దిగులును మౌలానా గారి ముందు పెట్టారు.

మందులతో దడ పూర్తిగా తగ్గకపోతే కాథెటర్ అబ్లేషన్ చేయవచ్చని వైద్యులు ఏడాదిగా చెబుతున్నారు. తొడ దగ్గరి సిర గుండా సన్నని తీగను గుండెలోకి పంపి, ఊపిరితిత్తుల సిరలు ఎడమ పై గదిలో కలిసేచోట వేడితోనో చలితోనో చిన్న మచ్చలు ఏర్పరుస్తారు. తప్పుడు విద్యుత్ సంకేతాలకు అవి అడ్డుకట్ట వేస్తాయి. కొందరికి జబ్బు తిరగబెడుతుంది, రెండవసారి చేయవలసి రావచ్చు. చేసిన తర్వాత కూడా కొన్ని నెలలు, ముప్పు ఎక్కువ ఉన్నవారికి ఆపైన కూడా, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర ఆగదు. ఇవన్నీ ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోలేనిది ఒక్కటే. ఆ సమయంలో సిరలోకి ఎక్కించే హెపారిన్ అనే మందును ఎక్కువగా పంది పేగుల నుంచి తయారు చేస్తారు.

మౌలానా గారు ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. ప్రాణావసరం ఏర్పడి, దానికి సమానమైన ధర్మసమ్మత ప్రత్యామ్నాయం అందుబాటులో లేనప్పుడు, అవసరమైనంత మేరకు వాడుకోవడంలో పాపం లేదని అనేకమంది ఉలమాలు చెప్పారని వివరించారు. నిస్సహాయ స్థితిలో హద్దు మీరనివానిపై దోషం లేదని బఖరా సూరా తెలిపిన సూత్రమే దానికి ఆధారం. పదార్థం రూపాంతరం చెందితే దాని ధర్మం కూడా మారుతుందని చెప్పే పండితులు కూడా ఉన్నారు. "మీరు చేయవలసింది దాచుకోవడం కాదు, అడగడం. ఆవు పేగుల నుంచి తీసే హెపారిన్ కూడా కొన్ని చోట్ల తయారవుతుంది. దొరుకుతుందేమో, మీకు సరిపడుతుందేమో వైద్యుణ్ణి అడగండి. మరో మార్గం లేదని నమ్మకస్థుడైన వైద్యుడు చెబితే మనసులో సందేహం పెట్టుకోకండి" అన్నారాయన.

ఆ మధ్యాహ్నం ఖుబా మస్జిదుకు వెళ్ళాము. మస్జిదె నబవీ నుంచి 3 కిలోమీటర్లకు పైగా దూరం. ఇంట్లో వుజూ చేసుకొని వెళ్ళి అక్కడ నమాజు చేసినవారికి ఉమ్రా చేసినంత పుణ్యమని హదీసు. నడిచి వెళ్దామన్న మాట ఈసారి ఆయన నోట రాలేదు. తనంతట తానే వాహనం పిలిచారు. దారిలో అన్నారు: "రమజాన్ తర్వాత డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం. ఆ హెపారిన్ సంగతి ముందే అడుగుదాం. చేయించుకోవాలో వద్దో ఆ తర్వాత తేల్చుకుందాం." ఏడాదిగా 'వద్దు' అన్న ఒక్క మాట మీదనే నిలిచిన మనిషి 'అడుగుదాం' అనడమే నాకు ఎంతో ఊరట.

ఇంటికి వచ్చిన తర్వాత

రమజాన్ ముంగిట నిలిచాము. రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్రను సహ్రీ, ఇఫ్తార్‌లకు సర్దుకోవచ్చునా అని వైద్యుల్ని అడిగాము. ఆయన విషయంలో వీలవుతుందన్నారు, నీరు సరిపడా తాగమన్నారు, దడ పెరిగినా కళ్ళు తిరిగినా ఉపవాసం విరమించమని గట్టిగా చెప్పారు. ప్రతి రోగికీ ఇదే సమాధానం రాదు. వద్దని చెప్పించుకున్నవారు కుంగిపోనవసరం లేదు. అస్వస్థులకు ఇతర దినాల గడువును, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా మార్గాన్ని ఇచ్చినది ఉపవాసాలను విధించిన అల్లాహ్‌యే.

ఇటువంటి రోగి ఉన్న ఇంట్లో అందరూ గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మూతి వంకరపోయినా, ఒక చేయి లేదా కాలు బలహీనపడినా, మాట ముద్దగా వచ్చినా ఒక్క నిమిషం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మలం నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, ముక్కు నుంచి రక్తం అదిమిపట్టినా ఆగకపోయినా వెంటనే వైద్యులకు చెప్పాలి. తలకు దెబ్బ తగిలితే పైకి గాయం లేకపోయినా చూపించుకోవాలి. సౌదీలో ఉన్నప్పుడు అంబులెన్సుకు 997 నంబరు, మన దగ్గర 108. మిస్వాక్ కొనను బాగా నానబెట్టి మెత్తబరిస్తే చిగుళ్ళు గాయపడవు, సున్నత్ విడవనవసరం లేదు.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం మాత్ర వేసుకునే ముందు మావారు బిస్మిల్లాహ్ అని పలుకుతారు. ఇదివరకు తిండికి ముందు మాత్రమే పలికేవారు. నాడి ఇంకా క్రమంలోకి రాలేదు. వైద్యుల్ని కలవవలసిన తేదీ గోడ మీది క్యాలెండరులో షవ్వాల్ నెలలో గుర్తు పెట్టి ఉంది.

గుండెలను తన అధీనంలో ఉంచుకున్న అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారికి సేవ చేసేవారికి సహనాన్ని, చికిత్స చేసేవారికి సరైన వివేకాన్ని ప్రసాదించుగాక! తన గృహాన్ని చూడాలని తపించే ప్రతి బలహీన హృదయానికీ అక్కడికి చేరే దారిని సులభం చేయుగాక! ఆమీన్.